లాన్‌మోవర్ బ్లేడు బోల్టు: ఊడదీత, బిగింపు – ప్రాజెక్టు డైరీ

2025 ఫిబ్రవరి 15, శనివారం

డాలస్‌కు ఉత్తరాన ప్లేనోలో ఉన్న మా ఇంటి పచ్చికంతా బెర్ముడా గడ్డి. ఇది వేరే ఏదో కాదు, వినాయక చవితి పూజలో మనం వాడే గరికే. చలికాలమంతా ఎండుగడ్డి రంగులో పడుకుని ఉండే ఈ గరికను, మార్చిలో చిగురు వేయకముందే నేలకు బాగా దగ్గరగా ఒకసారి కోసి, పైనున్న ఎండుపొరను తీసివేయడం ఇక్కడి వాడుక. ఆ కోతకు ముందే బ్లేడును విప్పి సాన పట్టాలని గత అక్టోబరులోనే అనుకున్నాను. అప్పట్లో కోసిన మరునాడే గడ్డి కొనలు తెల్లబారి, పీచులు లేచి కనిపించాయి. పదునున్న బ్లేడు గడ్డిని తెగ్గోస్తుంది, మొద్దుబారినది చింపుతుంది. చిరిగిన కొన ఎండిపోతుంది.

మాది వెనుక నడుస్తూ తోసే యంత్రం. డెక్కు (బ్లేడును పైనుంచి కప్పి ఉంచే రేకు గుల్ల) వెడల్పు 21 అంగుళాలు, కింద ఒకటే బ్లేడు, దాని నడుమ ఒకటే బోల్టు. ఈ డైరీ ముఖ్యంగా ఆ ఒక్క బోల్టు గురించే. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఈ బ్లేడు కొన గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అమెరికా భద్రతా ప్రమాణం బ్లేడు కొన వేగానికి నిమిషానికి 19,000 అడుగులు అనే హద్దు పెట్టింది, మా యంత్రం 16,500 దగ్గర ఉంటుంది. ఆ వేగంలో తిరిగే ఉక్కు పట్టీని షాఫ్టుకు అదిమి పట్టి ఉంచేది ఆ బోల్టే కాబట్టి, దాన్ని విప్పే పనినీ బిగించే పనినీ ఈసారి కొలతలతో సహా రాసుకోవాలని నిశ్చయించుకున్నాను.

మొదట స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసి, దానంతట అది మళ్లీ ప్లగ్గును తాకకుండా పక్కకు కట్టాను. బ్లేడును చేత్తో తిప్పితే ఇంజనులోని క్రాంకు షాఫ్టు కూడా తిరుగుతుంది. తీగ తగిలి ఉంటే ఆ కాస్త తిప్పుడుకే ఇంజను ఒక్కసారి రాజుకునే అవకాశం ఉంది. ఈ జాగ్రత్తను మాత్రం ఎంత తొందరలోనూ వదలకూడదు. పిడి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలని 1982 నుంచి ఇక్కడ నిబంధన ఉంది. దాని కోసం పెట్టిన బ్రేకు తిరుగుతున్న ఇంజనును ఆపడానికే పనికివస్తుంది గాని, పానా పట్టి లాగేటప్పుడు షాఫ్టును కదలకుండా పట్టి ఉంచడానికి చేసినది కాదు.

ట్యాంకులో పెట్రోలు దాదాపు లేకుండా చేసి, గాలి ఫిల్టరు పైకి ఉండేటట్టుగా యంత్రాన్ని పక్కకు వాల్చాను. తప్పు పక్కకు వాలిస్తే ఇంజను ఆయిలు ఫిల్టరులోకి, కార్బ్యురేటరులోకి దిగుతుంది. డెక్కు లోపల పేరుకున్న ఎండుగడ్డిని చెక్కపలకతో గీకేశాక బోల్టు తల బయటపడింది. ఇండియా నుంచి తెచ్చుకున్న పెట్టెలోని 16 మిల్లీమీటర్ల సాకెట్టు దానిమీద కూర్చుంది. పది అంగుళాల రాట్చెట్‌తో రెండుసార్లు లాగాను, కదలలేదు. మూడోసారి లాగినప్పుడు సాకెట్టు జారి, తల మూలల్లో ఒకటి అరిగింది. అక్కడితో ఆపేశాను.

కాలిపర్‌తో కొలిచిన తరువాత సంగతి తెలిసింది. ఆ తల 5/8 అంగుళం, అంటే 15.875 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల సాకెట్టు దాని మీద ఎనిమిదో వంతు మిల్లీమీటరు వదులుగా ఉంటుంది. వట్టి చేతికి ఆ వదులు తెలియదు. పైగా అది పన్నెండు మూలల సాకెట్టు, బలమంతా తల మూలల మీదే పడుతుంది. ఆరు మూలల సాకెట్టయితే తల పక్కలను పట్టుకుంటుంది. రెండు చిన్న లోపాలు కలిసి ఒక మూలను తినేశాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న రాత్రి, అక్కడ ఆదివారం ఉదయం కాగానే, పెదనాన్నకు ఫోను చేశాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా లారీల మరమ్మతు చేశారు. లాన్‌మోవర్‌ను ఆయన ఎన్నడూ ముట్టుకుని ఉండరు, కాని బిగుసుకుపోయిన బోల్టు ఎక్కడున్నా బోల్టే.

“పెదనాన్నా, కదలడం లేదు. రేపు రాడ్డుకు పైపు తొడిగి లాగుదామనుకుంటున్నాను” అన్నాను.

“ఆగరా నాన్నా. ముందు అది కుడి మరో ఎడమ మరో చూసుకున్నావా? మా రోజుల్లో కొన్ని పాత లారీలకు ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మరవే ఉండేవి. తెలియని కుర్రాడు పైపు తొడిగి ఊడదీస్తున్నాననుకుంటూ ఇంకా బిగించేసేవాడు. ఆ తరువాత స్టడ్డు విరిగేది.”

“కుడి మరే పెదనాన్నా, మాన్యువల్లో ఉంది.”

“అయితే రాత్రంతా ఆయిలు తాగనియ్యి. మేం కిరసనాయిలు పోసేవాళ్లం. నడుమ నడుమ తల మీద సుత్తితో చిన్నగా తట్టు, తుప్పు బీటలిచ్చి ఆయిలు లోపలికి దిగుతుంది. పొద్దున తోయకు, నీ వైపుకు లాగు.”

తుప్పు వదిలించే ఆయిలును బోల్టు తల చుట్టూ మూడుసార్లు, గంట గంటకూ పోశాను. మంట పెట్టి వేడిచేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, పైన షాఫ్టు చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది.

మర సంగతిని ఇక్కడ కొంత వివరంగా రాసుకుంటున్నాను. ఇలాంటి యంత్రాల ఇంజను షాఫ్టు కింది నుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. గడ్డి గాని, రాయి గాని బ్లేడును వెనక్కి లాగినప్పుడు, షాఫ్టుతో పోలిస్తే బ్లేడు ముల్లు దిశలో జరగాలని చూస్తుంది. కుడి మర బోల్టు బిగిసేది కూడా ఆ దిశలోనే. బ్లేడును షాఫ్టుతో కలిపి తిప్పే అడాప్టరు చెవులకూ బ్లేడు రంధ్రాలకూ నడుమ ఉండే సన్నని వెసులుబాటులో, ప్రతి కుదుపూ బోల్టు తలను బిగింపు వైపుకే రుద్దుతుంది. కోతలో బోల్టు తనంతట తాను ఊడకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు చేశారు. దాని ఫలితమే, రెండు మూడు ఏళ్లు ముట్టుకోకుండా వదిలేసిన బోల్టు మనం బిగించిన దానికన్నా గట్టిగా ఎదురుపడడం. పెదనాన్న చెప్పిన లారీ చక్రాలకు ఎడమ మర పెట్టడంలోని ఆలోచన కూడా తిరిగే దిశతో ముడిపడినదే. పొలాల్లో, తోటల్లో వాడే బ్రష్‌కట్టర్లలో ఎక్కువ వాటికి బ్లేడు నట్టు ఎడమ మర ఉంటుంది. వాటిని లాన్‌మోవర్ అలవాటుతో తిప్పితే ఊడాల్సినది మరింత బిగుస్తుంది.

ఉదయం తొమ్మిదింటికి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి 5/8 అంగుళం ఆరు మూలల ఇంపాక్ట్ సాకెట్టు, అర అంగుళం చదరపు కొన ఉన్న 24 అంగుళాల బ్రేకర్ బార్ (బిగుసుకున్న బోల్టులను ఊడదీసే పొడవాటి పిడి) తెచ్చుకున్నాను. బ్లేడు తిరగకుండా, దాని కొనకూ డెక్కు గోడకూ నడుమ ఒక చెక్క దిమ్మను అడ్డం పెట్టాను. విప్పేటప్పుడు బ్లేడు ఎదురుదిశలో తిరగబోతుంది కాబట్టి దిమ్మ ఆ పక్కన ఉండాలి. బిగించేటప్పుడు దాన్ని బ్లేడుకు అవతలి పక్కకు మార్చాలి. స్క్రూడ్రైవరు గాని, ఇనుప కడ్డీ గాని అడ్డం పెడితే పలచటి డెక్కు రేకు సొట్టపడుతుంది. చెక్క తాను నలిగి బలాన్ని పంచుతుంది.

ఎంత బలానికి ఊడుతుందో తెలుసుకోవాలనిపించింది. మనం పెట్టిన అంకెకు బిగింపు చేరగానే క్లిక్కుమనే పానా, టార్క్ రెంచిని విప్పడానికి వాడితే దాని కొలత చెడిపోతుంది. అందుకని ఊరికి వెళ్లేటప్పుడు 23 కిలోల సూటుకేసును తూచే చేతి త్రాసును బారు కొనకు పట్టీతో తగిలించి, బారుకు సరిగ్గా లంబంగా లాగాను. సాకెట్టు నడిబొడ్డు నుంచి పట్టీ దాకా దూరం 22 అంగుళాలు. బ్లేడు అంచు వైపు చెయ్యి పోకుండా, మందపాటి తోలు చేతితొడుగులు వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా బలం పెంచాను. పెద్ద చప్పుడుతో బోల్టు వదిలినప్పుడు త్రాసు మీద నిలిచిన అంకె 66 పౌండ్లు. 66ను 22తో గుణించి 12తో భాగిస్తే 121 ఫుట్-పౌండ్లు. తిప్పే బలాన్ని ఇక్కడ ఈ లెక్కలోనే కొలుస్తారు.

మాన్యువల్ చెప్పే బిగింపు 450 నుంచి 600 అంగుళం-పౌండ్లు, అంటే ముప్పై ఏడున్నర నుంచి 50 ఫుట్-పౌండ్ల దాకా. ఊడదీయడానికి పట్టిన బలం ఆ పై హద్దుకు రెండింతలకు మించింది. అందులో తుప్పు వాటా ఉంది, కోతలో బిగిసిన వాటా ఉంది. కాని పెద్ద వాటా నాదే. 2023 వసంతంలో ఈ బోల్టును ఇంపాక్ట్ గన్నుతో బిగించింది నేనే. గన్ను ఆగేదాకా పట్టాను, ఏమీ కొలవలేదు.

బోల్టును బయటికి తీసి తుడిచి వెలుతురులో చూశాను. తల మీద ఆరు గీతలు ఉన్నాయి, గ్రేడ్ 8 అనే గట్టి రకమని అర్థం. మూడే గీతలుంటే అంతకన్నా తక్కువ బలం ఉన్న గ్రేడ్ 5 అయ్యేది. తల కింది భాగం బాగానే ఉంది గాని, మరచుట్లు మొదలయ్యే చోట కాండం కొద్దిగా సన్నబడింది. కొత్త నట్టును వేళ్లతో ఎక్కిస్తే సగం దూరం పోయి బిగుసుకుంది. సాగిపోయిన బోల్టుకు ఇదే గుర్తు. ఇంకొక తప్పు కూడా బయటపడింది. తల కింద ఉండే గిన్నె ఆకారపు స్ప్రింగు వాషరును తలకిందులుగా వేసి ఉన్నాను. దాని బోలు పక్క బ్లేడు వైపుకు ఉండాలి. అలా ఉన్నప్పుడే అంచులు బ్లేడును అదిమి, బోల్టు కొంచెం వదులైనా ఆ ఒత్తిడిని నిలబెడతాయి. తిరగేసి వేసిన వాషరు నడుమ భాగమే ఆని, చదునుగా నలిగిపోయింది. రెండింటినీ పక్కన పెట్టాను. యంత్రం మోడల్ నంబరు ప్రకారం కొత్త బోల్టు, కొత్త వాషరు తెప్పిస్తున్నాను. కొలత కలిసింది కదా అని హార్డ్‌వేరు దుకాణంలో దొరికే ఏదో ఒక బోల్టును ఇక్కడ వాడడానికి నేను ఒప్పుకోను.

ఫిబ్రవరి 22, శనివారం

భాగాలు ఇంకా రాలేదు. బ్లేడును వైసులో బిగించి ఆకురాయితో సాన పట్టాను, పాత వాలును అనుసరించి సుమారు 30 డిగ్రీలు. గ్రైండరు పట్టలేదు, అంచు నీలం తిరిగేంత వేడెక్కితే ఉక్కు పదును నిలుపుకోదు. గోడకు కొట్టిన మేకుకు నడిమి రంధ్రంతో తగిలించి చూస్తే ఒక కొన కిందికి వాలింది. ఆ కొనను వెనుక పక్క నుంచి ఇంకొంచెం అరగదీశాక సమంగా నిలిచింది. షాఫ్టు వంగలేదు. అడాప్టరును షాఫ్టుకు కలిపి ఉంచే చిన్న లోహపు ముక్క, కీ, బాగుంది.

మార్చి 1, శనివారం

కొత్త బోల్టు, కొత్త వాషరు వచ్చాయి. ఇవాళ బిగింపు. షాఫ్టు కొనలోని మరరంధ్రాన్ని సన్నని ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేసి, మిగిలిన ఆయిలును గుడ్డతో పూర్తిగా తుడిచేశాను. ఈ తుడుపును తేలికగా తీసుకోకూడదు. బోల్టును బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం తల కింద, మరచుట్ల మధ్య రాపిడికే ఖర్చవుతుంది; బ్లేడును అదిమి పట్టే సాగుదల మిగిలిన పదో వంతు నుంచి వస్తుంది. మరచుట్లకు ఆయిలు పూస్తే రాపిడి తగ్గి, రెంచి అదే అంకె చూపిస్తున్నా బోల్టు చాలా ఎక్కువగా సాగుతుంది. పొడి మరకు ఇచ్చిన అంకెను తడి మరకు వాడితే, కొలిచి బిగించినా కొలవనట్టే. షాఫ్టు బయటి వైపు, అడాప్టరు లోపలి వైపు మాత్రం పలచగా ఆయిలు రాయమని మా మాన్యువల్ చెబుతుంది, వచ్చేసారి అడాప్టరు పట్టేయకుండా ఉండేందుకు. ఈ రెండింటికీ ఉన్న తేడా పట్టించుకోక ‘ఆయిలు రాయమన్నారు’ అని అన్నిటికీ రాసేవారు కొందరున్నారు.

బ్లేడును రెక్కలు డెక్కు వైపుకు, పైకి ఉండేటట్టు పెట్టాను. ఆ రెక్కలే గాలిని పైకి లాగి గడ్డిని నిలబెడతాయి. అడాప్టరు చెవులు బ్లేడు రంధ్రాల్లో పూర్తిగా కూర్చున్నాయో లేదో బ్లేడును కదిపి చూశాను. వాషరు ఈసారి సరైన పక్కకు వేశాను. మొదటి అయిదారు చుట్లు పానా ముట్టకుండా వేళ్లతోనే తిప్పాను. మర వంకరగా ఎక్కితే ఆ దశలోనే తెలుస్తుంది, పానాకు తెలియదు. తరువాత దిమ్మను అవతలి పక్కకు మార్చాను.

టార్క్ రెంచి 10 నుంచి 150 ఫుట్-పౌండ్ల దాకా కొలిచేది. దాన్ని 45 దగ్గర పెట్టాను. మాన్యువల్ ఇచ్చిన హద్దుల లోపల ఉంటుంది, రెంచికి నమ్మదగిన పరిధిలోనే పడుతుంది. పిడి మధ్యలోని పట్టు చోటును ఒంటి చేత్తో పట్టుకుని, కుదపకుండా ఒకే తీరున లాగాను. ‘టిక్’మన్న చోట ఆపాను. గట్టిదనం చాలలేదేమోనని చేతికి అనిపించింది. పాత అలవాటుకు అది సగం బిగింపులా తోచింది, ఇంకొక పట్టు లాగాలని చెయ్యి తొందరపడింది కూడా. లాగలేదు. క్లిక్ వచ్చిన తరువాత ‘నమ్మకం కోసం’ మరో రెండుసార్లు క్లిక్ అనిపించడం కూడా అదనపు బిగింపే.

బోల్టు తల నుంచి బ్లేడు మీదికి పసుపు పెయింటు పెన్నుతో ఒక గీత గీశాను. తల జరిగితే గీత విరిగి కనిపిస్తుంది. రెంచిని మళ్లీ అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టాను. స్ప్రింగును బిగబట్టి ఉంచితే కొన్నాళ్లకు అది అబద్ధం చెబుతుంది. స్పార్కు ప్లగ్గు తీగను అన్నిటికన్నా చివర తగిలించాను. మధ్యాహ్నం ఎండుగరిక మొత్తాన్ని నేలకు దగ్గరగా కోశాను. మా నేల నల్లరేగడి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల అంచులు బ్లేడుకు నాలుగైదుసార్లు తగిలాయి. కోత అయ్యాక తీగ ఊడదీసి, వాల్చి చూశాను. గీత చెదరలేదు.

మార్చి 8, శనివారం

వీధి చివరి ఇంట్లో ఉండే వరంగల్ తమ్ముడు ఫోను చేశాడు. “అన్నా, మా దాని కింద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వస్తోంది, ఒకసారి చూస్తారా?” అన్నాడు. వాళ్లది కూర్చుని నడిపే యంత్రం. 42 అంగుళాల డెక్కు, రెండు బ్లేడులు. ఒక్కొక్క బ్లేడును దాన్ని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్ మీద ఒక నట్టు పట్టి ఉంచుతుంది. జాకీ పెట్టి ముందుభాగం లేపి కిందికి దూరుదామని అతని ఆలోచన. నేను కుదరదన్నాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఏ యంత్రం కిందా పడుకోకూడదు. ప్లగ్గు తీగ ఊడదీసి, బెల్టు తప్పించి, నాలుగు పిన్నులు లాగితే డెక్కు పక్కకు జరిగి బయటికి వచ్చింది. తిరగేసి గడ్డి మీద పెట్టుకున్నాము.

కుడి నట్టు బ్రేకర్ బారుకు కూడా బలంగా ఎదురు తిరిగింది. ఎడమ నట్టు చిన్న పానాతో, మణికట్టు బలానికే తిరిగింది. చప్పుడంతా అక్కడిదే. ఆ బ్లేడు నడిమి రంధ్రం నక్షత్రం ఆకారంలో ఉంటుంది. నట్టు వదులై స్పిండిల్ మీద బ్లేడు కదిలి కదిలి ఆ నక్షత్రం మొనలు గుండ్రంగా అరిగిపోయాయి. ఇంతవరకు అతి బిగింపునే చూసిన నాకు, వదులు బిగింపు ఏం చేస్తుందో కళ్ల ముందు కనబడింది. అరిగిన రంధ్రం ఉన్న బ్లేడును ఎంత బిగించినా పట్టు నిలవదు కాబట్టి దాన్ని మార్చక తప్పదని చెప్పాను, అతను ఆ సాయంత్రమే రెండూ కొత్తవి తెచ్చాడు. ఆ యంత్రం మాన్యువల్లో నట్టు బిగింపు 70 నుంచి 90 ఫుట్-పౌండ్లు. మా యంత్రం అంకె ఇక్కడ పనికిరాదు. రెండు నట్లనూ 80 దగ్గర బిగించి, మా ఇంటి పద్ధతిలోనే పసుపు గీతలు గీశాము.

మార్చి 29, శనివారం

రేపు ఉగాది. గరిక పూర్తిగా పచ్చబడింది, ఎండుపొర కోత తరువాత ఇప్పటికి రెండుసార్లు మామూలు కోత కూడా అయింది. కొనలు ఈసారి తెల్లబారలేదు. మొక్క తెగిన చోట అడ్డంగా, శుభ్రంగా ఉంది.

యంత్రాన్ని వాల్చి గీతను చూశాను. తల మీది గీత, బ్లేడు మీది గీత ఒక వెంట్రుక మందం పక్కకు జరిగాయి, బిగింపు వైపుకు. త్రాసును మళ్లీ అదే 22 అంగుళాల దగ్గర తగిలించి లాగాను. 27 పౌండ్ల దగ్గర బోల్టు కదిలింది, అంటే సుమారు 50 ఫుట్-పౌండ్లు. 45 దగ్గర బిగించినది మూడు కోతల తరువాత 50కి విడింది. ఒక్క కొలత మీద సిద్ధాంతం కట్టను గాని, జరిగిన గీత చెప్పినదీ త్రాసు చెప్పినదీ ఒకే దిశలో ఉన్నాయి. 121కీ 50కీ ఉన్న తేడా చేతికి కూడా తెలిసింది: సాకెట్టు జారలేదు, చప్పుడు రాలేదు, దిమ్మ మీద కొత్త నొక్కు పడలేదు.

మరచుట్లు తుడిచి, వాషరు బోలు పక్కను మరోసారి చూసుకుని, మళ్లీ 45 దగ్గర బిగించాను. పాత గీతను తుడిచి కొత్తది గీశాను. చివరగా పిడికి ఒక కాగితం టేపు చుట్టి దాని మీద రాశాను: కుడి మర, 5/8 అంగుళం, ఆరు మూలల సాకెట్టు, పొడి మర, 45 ఫుట్-పౌండ్లు, తదుపరి పరీక్ష మే నెల మొదటి శనివారం.